కోసి చూసి మళ్ళీ కుట్టారు

మూత్రం ఎర్రగా వచ్చిన మొదటి రోజు నేను నవ్వాను. దాచడానికేమీ లేదు. సిరిసిల్లలో మేము పనిచేసే రంగుల కార్ఖానాలో ఆ వారమంతా లంగా గుడ్డ కోసం ఎరుపు నూలు అద్దుతున్నాం. రంగు పొడి గాలిలో లేస్తుంది, ముక్కులో చేరుతుంది. ఉమ్మితే ఎర్రగా పడుతుంది, చెమట తుడుచుకుంటే తువ్వాల ఎర్రబడుతుంది. ఇన్ని చోట్ల ఎరుపు చూసినవాణ్ణి ఇంకో చోట చూస్తే భయపడతానా? గోడ చాటు నుంచి వచ్చి కనకయ్యకు చెప్పాను. కనకయ్యదీ నాదీ ఇరవై ఆరేళ్ళ జోడీ. ఒకే వేడినీళ్ళ తొట్టికి అటొకడం ఇటొకడం నిలబడి నూలు చిలపలు తిప్పే పని మాది. వాడు కూడా నవ్వాడు. నీలం వేసిన రోజుల్లో తనకు నీలంగానే వస్తుందన్నాడు. అది నిజమో అబద్ధమో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ రోజు మాత్రం ఆ మాటతో గుండె నిబ్బరంగా ఇంటికి పోయాను.

ఇది రాయడానికి కారణం ఆ నవ్వే. మా షెడ్డుల్లో ఎవరికి ఎరుపు కనిపించినా ఇప్పటికీ రంగే అనుకుంటారు. నేను పదో తరగతి దాకా చదివాను, చేతిరాత బాగుంటుంది, ఇప్పుడు తీరిక కూడా ఉంది. డాక్టర్ల మాటలు నాకు అర్థమైనంతే రాస్తాను, అంతకు మించి నాకు తెలియదు.

అది మార్చి నెల. నాలుగు రోజులు వచ్చి దానంతట అదే పోయింది. నొప్పి లేదు, మంట లేదు, జ్వరం లేదు. మనిషి మోసపోయేది ఇక్కడే. నొప్పి ఉంటే మరునాడే వెళ్ళి డాక్టరు ముందు కూర్చునేవాణ్ణి. ఏప్రిల్‌లో మళ్ళీ వచ్చింది, మళ్ళీ పోయింది. మే నెలలో ఆకుపచ్చ ఆర్డరు పడింది. రెండు వారాలు మోచేతుల దాకా ఆకుపచ్చగా తిరిగాను. మూత్రం మాత్రం ఎరుపే. అప్పుడు కొంచెం అనుమానం వచ్చిన మాట నిజం. కనకయ్యను అడిగితే పాత రంగు లోపలికి దిగిందని, మెల్లమెల్లగా పోతుందని అన్నాడు. నూలు విషయంలో అది సరైన మాటే. ఎరుపు వేసిన తొట్టిని ఎంత కడిగినా తరవాతి రెండు మూడు దఫాల్లో ఎర్ర జీర దిగుతూనే ఉంటుంది. మనిషి తొట్టి కాదన్న సంగతి మా ఇద్దరికీ తట్టలేదు.

జూలైలో నూలు రాక కార్ఖానా పది రోజులు మూతపడింది. పదో రోజు పొద్దున బాత్రూంలో ముదురు ఎరుపు, దాంట్లో చిన్న చిన్న గడ్డలు. నీళ్ళు పోసేలోపే నా భార్య భూలక్ష్మి చూసింది. ఆమె బీడీలు చుడుతుంది. చాట ముందు కూర్చుంటే వంచిన తల ఎత్తదు, కానీ ఇంట్లో ఏదీ ఆమె కన్ను దాటి పోదు. నేను పాత పాటే పాడాను, రంగు అని.

“పది రోజులసంది తొట్టి మొఖం సూడకపోతివి. ఇంకెక్కడి రంగు?” అంది.

నాలుగు నెలలు ఇద్దరు మగవాళ్ళకు తట్టనిది ఆమెకు ఒక్క నిమిషంలో తట్టింది. అయినా నేను దారికి రాలేదు. మా వాడలో ఇంజక్షన్లు వేసే ఆయన దగ్గరికి పోయాను. వేడి చేసిందన్నాడు. బార్లీ నీళ్ళు, సబ్జా గింజలు, పొద్దున పొద్దున ఈతకల్లు. కల్లు మాత్రం శ్రద్ధగా తాగాను. వారం తరవాత భూలక్ష్మి నాతో మాట్లాడటం మానేసి వాళ్ళ తమ్ముడికి ఫోన్ చేసింది. ఓదెలు కరీంనగర్‌లో ఆటో నడుపుతాడు. నోరు పెద్దది, మనసు మెత్తన. ఆటో తీసుకుని నేరుగా ఇంటికే వచ్చాడు, చొక్కా కూడా మార్చుకోనీయలేదు.

కరీంనగర్‌లో పెద్దాసుపత్రి. స్కానింగు చేశారు, గొట్టం వేసి చూస్తే లోపల గడ్డ కనిపించింది, దాని ముక్క తీసి పరీక్షకు పంపారు. డాక్టరు ఏం పని చేస్తారని, పొగ తాగుతారా అని అడిగాడు. రెండు ప్రశ్నలకూ జవాబు మా ఇంట్లోనే ఉంది. ముప్పై ఏళ్ళుగా నేను తాగిన బీడీలు భూలక్ష్మి చుట్టినవే. సైజు తప్పాయని, పొట్టిగా వచ్చాయని పక్కన పడేసినవన్నీ నా జేబులోకే వచ్చేవి. రంగువల్ల కావచ్చు, పొగవల్ల కావచ్చు, రెండూ కలిసి కావచ్చు, ఇదీ అని చెప్పలేం అన్నాడాయన. తిరుగు బస్సులో ఆమె కిటికీ వైపే చూస్తూ కూర్చుంది. రెండు రోజులు చాట ముట్టలేదు. మూడో రోజు ముట్టింది, ముట్టక తప్పదు. నేను బీడీ ఆ రోజే మానేశాను. అందులో గొప్ప ఏమీ లేదు, కొంప మునిగాక మానేశాను.

ముక్క పరీక్ష పన్నెండు రోజులు పట్టింది. ఆ పన్నెండు రోజులూ ఇంట్లో అందరం వానల గురించి మాట్లాడుకున్నాం.

క్యాన్సరే. మూత్రాశయం గోడ కండలోకి దిగింది. స్కానింగులో ఇంకెక్కడా కనిపించడం లేదు కాబట్టి మూత్రాశయం మొత్తం తీసేయాలి, పొట్ట మీద కుడివైపు దారి చేసి సంచి పెట్టాలి, ఆ సంచి ఇక బతికినన్నాళ్ళూ ఉంటుంది. డాక్టరు ఇదంతా కాగితం మీద బొమ్మ వేసి చెప్పాడు. నాకు క్యాన్సర్ అన్న మాట కంటే సంచి అన్న మాటే గట్టిగా తగిలింది. లుంగీ మీద ఉచ్చసంచి వేలాడేసుకుని కార్ఖానాకు ఎట్లా పోతాను, పెళ్ళి బంతిలో ఎట్లా కూర్చుంటాను, భూలక్ష్మి పక్కన ఎట్లా పడుకుంటాను. చావు గురించి ఒక్కసారి కూడా ఆలోచించలేదు. మనిషి వెర్రి అట్లా ఉంటుంది.

సెప్టెంబరంతా ఆసుపత్రి హాల్లో కూర్చోవడమే. ఇనుప కుర్చీలు, టోకెన్ నంబర్లు, మాట వినిపించని టీవీ. అక్కడే పోశెట్టన్న పరిచయమయ్యాడు. నిర్మల్ మనిషి, అరవై దాటాయి, పొనికి అనే మెత్తటి కర్రతో సీతాఫలాలు, జామకాయల బొమ్మలు చేసి రంగులు వేస్తాడు. నాదీ రంగుల పనే అనేసరికి కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. ఆయనకు ఇదే ఆపరేషన్ అయ్యి ఏడాది అయింది. నేను సంచి గురించి నసుగుతుంటే అటూ ఇటూ చూసి చొక్కా పైకెత్తాడు. పొట్టకు అతుక్కుని చదునుగా ఒక సంచి, అంతే. చొక్కా దించితే ఉన్నట్టే తెలియదు.

“గింతనే, తమ్మీ. దీనికి పరేషాన్ గాకు. నిండినప్పుడల్లా పోయి వంపుడే. నేను బస్సుల నిర్మల్‌కెళ్ళి వచ్చిన, ఎవలన్న పసిగట్టిండ్రా?” అన్నాడు.

ఇంట్లో చేసిన సర్వపిండి ముక్క తుంచి నా చేతిలో పెట్టాడు. ఒక కొత్త మనిషి హాలు మధ్యలో చొక్కా ఎత్తి తన కడుపు చూపించడం చిన్న సంగతి కాదు. ఆ రోజు ఇంటికి పోయి భూలక్ష్మితో సరే, చేయించుకుంటాను అన్నాను. ఆమె ఆ సాయంత్రమే వేములవాడ రాజన్నకు కోడె మొక్కింది. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను, కోరుకున్నది జరిగితే కోడెను గుడి చుట్టూ తిప్పి అక్కడ కట్టేసి రావడం మా వైపు మొక్కు. నా జబ్బు మొత్తం పోయాక ఇద్దరం వచ్చి కోడె కడతామని మొక్కింది. ఈ మాటలు గుర్తుంచుకోండి, మళ్ళీ అవసరం పడతాయి.

బతుకమ్మ పండగ పోయిన వారానికి ఆపరేషన్. ముందు రోజు ఒక నర్సమ్మ వచ్చి నన్ను కూర్చోబెట్టి, నిలబెట్టి, వంగమని చూసి, బొడ్డుకు కుడివైపు నల్ల పెన్నుతో గుండ్రంగా గుర్తు పెట్టింది. సంచి అక్కడ వస్తుందన్నమాట. చెరిగిపోని పెన్ను, స్నానం చేసినా పోదంది. నేను సిరా చూసి, సబ్బుకు పోదు, నూనెకు పోతుందని చెప్పాను. ఆమె నవ్వి, రేపటి దాకా నూనె జోలికి పోకు బాబాయ్ అంది.

పొద్దున ఎనిమిదిన్నరకు లోపలికి తీసుకుపోయారు. ఆరేడు గంటలు పడుతుందని ముందే చెప్పారు. నేను కళ్ళు తెరిచేసరికి ఎదురుగా గోడ గడియారంలో పన్నెండున్నర. డాక్టరు చేయి చురుకు, తొందరగా ముగించాడు అనుకున్నాను. చేయి మెల్లగా పొట్ట మీదికి పోనిచ్చాను. మధ్యలో పెద్ద కట్టు ఉంది. కుడివైపు ఏమీ లేదు. సంచి లేదు, కోత లేదు. తల కొంచెం ఎత్తి చూస్తే నల్ల గుర్తు పెట్టింది పెట్టినట్టే ఉంది.

నా జన్మలో అంత సంతోషం ఎప్పుడూ పడలేదు. మత్తులో ఉన్నా నవ్వు ఆగలేదు. ఓదెలు మంచం దగ్గరికి వచ్చాడు. సంచి పెట్టలేదేందిరా అని నవ్వుతూనే అడిగాను.

“అక్కర పడలే బావా. జరంతనే ఉన్నదట, గీకి తీసేసిండ్రు” అన్నాడు.

భూలక్ష్మి తలుపు దగ్గరే నిలబడి ఉంది. దగ్గరికి రాలేదు. ఆపరేషన్ చూసి బెదిరిందిలే అనుకున్నాను.

ఇంటికి వచ్చాక వారం రోజులకు గుర్తు మీద కొబ్బరినూనె రాసి రుద్దాను. పోయింది. ఆ రోజు నాకు పండగ. వచ్చినవాళ్ళందరికీ పొట్ట చూపించి, సంచి తప్పింది అని చెప్పాను. అందరూ తలలూపారు. ఇప్పుడు ఆలోచిస్తే అన్నీ అక్కడే కనిపిస్తున్నాయి. కనకయ్య వచ్చి అరగంట కూర్చుని ఒక్క ఎకసెక్కం ఆడలేదు. ఎకసెక్కం లేకుండా కూర్చోవడం వాడి తరం కాని పని. నాతో పదేళ్ళుగా మాటల్లేని పక్కింటి ఆయన బత్తాయిలు పట్టుకొచ్చాడు. భూలక్ష్మి ఏది అడిగితే అది వండుతోంది, ఎంత విసుక్కున్నా పడుతోంది. నేను దొరలా బతికాను.

ఓదెలు మాత్రం రెండు రోజులకోసారి ఫోన్ చేసి, ఆసుపత్రికి పోదాం, బలానికి ఇంజక్షన్లు ఇస్తారట అనేవాడు. నేను ససేమిరా అన్నాను. జబ్బు పోయినవాడికి ఇంజక్షన్లు ఎందుకు? మొక్కు తీర్చాలి, కార్ఖానాకు పోవాలి, నా ధ్యాస అంతా దాని మీదే. నవంబరులో మొదటి సోమవారం వేములవాడ పోదామన్నాను. భూలక్ష్మి తనకు మైల వచ్చిందంది. ఎవరు పోయారని అడిగితే వాళ్ళ చిన్నమ్మ ఆడబిడ్డ మామ. అంత దూరపు మైల పట్టడం నేను వినలేదు, అయినా ఊరుకున్నాను. రెండో సోమవారం జాతర రద్దీ, నీ కుట్లు పచ్చిగా ఉన్నాయి అంది. మూడో వారం ఆదివారం మధ్యాహ్నం నేను గట్టిగానే చెప్పాను. రేపు మొక్కు తీర్చడం, ఎల్లుండి పనిలోకి పోవడం, ఇంక మాట లేదు అన్నాను.

ఆమె చాట ముందు కూర్చుని ఉంది. చేతిలో ఆకు అట్లాగే పట్టుకుంది.

“నేను రాను” అంది.

“ఎందుకు రావు?”

“మందికి అబద్ధం చెప్పిన. నీకు చెప్పిన. గని రాజన్నకు చెప్ప. జబ్బు పోయినంక కోడె కడ్త అని మొక్కిన. పోలే. నీ లోపల ఏం తియ్యలే. కోసి సూసి మల్ల కుట్టిండ్రు.”

తరవాత ఆగకుండా చెప్పింది. తీసుకుపోయిన గంటన్నరకే థియేటర్ తలుపు తెరిచి నా తాలూకువాళ్ళెవరని పిలిచారట. అంత తొందరగా పిలిచారంటే మనిషి పోయాడనే అనుకుని ఆమె అక్కడే కూలబడింది. ఓదెలు లోపలికి పోయాడు. కడుపు తెరిచి చూస్తే పక్కన ఉండే గ్రంథులు గట్టిపడి పైదాకా పాకి ఉన్నాయని, ఒకటి తీసి అప్పటికప్పుడు పరీక్ష చేస్తే అదే జబ్బని, స్కానింగుకు దొరకనంత చిన్నగా ఉండటంతో ముందు తెలియలేదని, ఇక మూత్రాశయం తీసినా లాభం లేదు కాబట్టి ఆపేస్తున్నామని డాక్టరు చెప్పాడు. మూడు నాలుగు వారాల్లో మందు ఎక్కించడం మొదలుపెట్టాలని కూడా చెప్పాడు. ఇంజక్షన్లు అంటే అవే. ఆ వారాలు నేను పొట్ట చూపించుకుంటూ గడిపేశాను.

నేను మొదట అడిగిన మాట చూడండి. ఇది ఎందరికి తెలుసు అన్నాను. అందరికీ అంది. కనకయ్యకా? కనకయ్యకు కూడా. నాకు జబ్బు మీద కోపం రాలేదు. వాడ మొత్తం నా కడుపులో ఏముందో తెలిసి, సంచి తప్పిందని నేను గంతులేస్తుంటే తలలూపుతూ కూర్చుందని తలుచుకుంటే సిగ్గుతో ఒళ్ళు కాలిపోయింది. చాటను ఒక్క తోపు తోశాను. ఆకు, తంబాకు ఇల్లంతా చెల్లాచెదురైంది. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆమె చాట మీద చేయి వేయడం అదే మొదటిసారి. కాసేపటికి ఇద్దరం కూర్చుని తంబాకు ఏరుకున్నాం. ఏరుతూ ఏడ్చాను.

“చెప్పకుంటే నువ్వు దవఖానకు రావు. చెప్తే బతకవేమో అని భయం. ఎటూ తోయలే” అంది.

మరునాడు సోమవారం. వేములవాడ బస్సు ఎక్కలేదు, కరీంనగర్ బస్సు ఎక్కాం. హాల్లో కూర్చున్నంతసేపూ డాక్టరును ఏమని నిలదీయాలో అనుకుంటూనే ఉన్నాను. లోపలికి పోయాక, నా కడుపు కోసి నాకే చెప్పకుంటే ఎట్ల సార్ అన్నాను. ఇంటివాళ్ళు మెల్లగా చెబుతామన్నారని, తను మళ్ళీ అడగాల్సిందని, అడగలేదని ఆయన ఒప్పుకున్నాడు. అది నాకు నచ్చింది. అప్పుడు నేను అడగాల్సినవి అడిగాను. తెరిచింది తెరిచారు కదా, మూత్రాశయం తీసిపారేస్తే ఏం పోయేది అన్నాను. అంత పెద్ద కోత మానడానికి రెండు మూడు నెలలు పడుతుంది, ఆ నెలల్లో మందు ఎక్కించలేం, పాకింది పాకుతూ పోతుంది అన్నాడు.

“ఎన్ని రోజులు సార్ నాకు?”

“తెలియదు. మందుకు లొంగకపోతే నెలలు. లొంగితే ఏళ్ళు బతికినవాళ్ళూ ఉన్నారు. మీరు ఏ రకమో మందు ఎక్కిస్తే గానీ నాకూ తెలియదు. మొదలుపెడదామా?”

ఆలస్యం అయ్యిందా అని భూలక్ష్మి అడిగింది. కొంచెం అయ్యింది, చేయి దాటలేదు అన్నాడు. ఆమె అంత గట్టిగా ఊపిరి వదలడం నేను ఎప్పుడూ వినలేదు. దారి పొడుగునా ఆమె పట్టుకుని ఉన్న భయం ఇదేనని నాకు అప్పుడు తెలిసింది.

డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా మందు. దాని గురించి అడిగేవాళ్ళకు నేను చెప్పేది ఇదీ. ఎక్కించే రోజు ఏమీ ఉండదు. మూడో రోజు మొదలవుతుంది. నోరంతా ఇనుము నాకినట్టు ఉంటుంది. అన్నంలో రంగు వాసన, నీళ్ళలో రంగు వాసన, భూలక్ష్మి కొంగులో కూడా రంగు వాసన. జుట్టు రాలింది, కనుబొమ్మలు కూడా పోయాయి. నరాలు నల్లబడి సూదికి దొరికేవి కావు. నా పొట్ట మీద గుర్తు పెట్టిన నర్సమ్మే వేడినీళ్ళ సీసా నా చేతికి చుట్టి, నరం తేలేదాకా పక్కన కూర్చునేది. ఒకరోజు ఆమె డ్యూటీ అయిపోయినా నా కోసమే ఆగిందని తరవాత ఆయమ్మ చెబితే తెలిసింది.

ఓదెలుతో నెలన్నర మాట్లాడలేదు. వాడు ప్రతిసారీ బస్టాండుకు ఆటో తెచ్చేవాడు, నేను ఎక్కేవాణ్ణి, దిగేవాణ్ణి, మాట లేదు. ఒకసారి వాంతి వచ్చి వాడి ఆటోలోనే కక్కాను. వాడు బండి పక్కకు ఆపి, తన తువ్వాలతో నా మూతి తుడిచాడు. అబద్ధం ఎందుకు చెప్పావురా అని అడిగాను. “నువ్వు నవ్వుకుంట అడిగితివి బావా. ఆ నవ్వు మొఖం సూసినంక నోట్లెకెళ్ళి గదే వచ్చింది. ఒకసారి వచ్చినంక ఎట్ల ఎనుకకు తీసుకోవాల్నో తెల్వలే” అన్నాడు. నేనే అయినా అదే చెప్పేవాణ్ణేమో. ఆ రోజు నుంచి మళ్ళీ మాటలు.

పోశెట్టన్న విషయంలో నేను చేసింది ఇంకా సిగ్గుపడే పని. ఆయన పాపం వారానికోసారి ఫోన్ చేసేవాడు. నేను ఎత్తడం మానేశాను. కారణం చెప్పనా? ఆయనకు సంచి ఉంది. నాకు లేదు. ఏ సంచికి భయపడి నిద్ర మానుకున్నానో, ఆ సంచి నాకెందుకు రాలేదని ఇప్పుడు కడుపు మండింది. స్నానం చేస్తుంటే చేయి కుడివైపు ఖాళీ చోటు మీదికే పోయేది. చివరికి ఆయనే మందు ఎక్కించే గదికి వెతుక్కుంటూ వచ్చాడు. నేను దాచకుండా చెప్పేశాను, నీ సంచి చూస్తే ఏడుపొస్తోందన్నా అని. ఆయన కోప్పడలేదు. తను కూడా మూడు నెలలకోసారి స్కానింగు కాగితం చేతికి వచ్చేదాకా గజగజ వణుకుతానని, సంచి ఉన్నవాడికి పట్టా ఏమీ రాసివ్వలేదని చెప్పి, మళ్ళీ సర్వపిండి తీశాడు. నా నోటికి అది కూడా ఇనుములాగే ఉంది, అయినా తిన్నాను.

ఆ గదిలో నాలాగే తెరిచి మూసినవాళ్ళు ఇంకో ఇద్దరు తగిలారు. జబ్బులు వేరు, కథ ఒకటే. హుస్నాబాద్ నుంచి వచ్చే ఒకావిడ ఎండాకాలం దాటలేదు. చొప్పదండి పక్క ఊరి రైతు ఒకాయనకు నాలుగో ఏడు నడుస్తోంది, నాట్లు కూడా వేయించాడు. ఎందుకు ఒకరికి అట్లా, ఒకరికి ఇట్లా అంటే నా దగ్గర జవాబు లేదు. ఉందని చెప్పేవాళ్ళను నమ్మకండి.

మే నెల స్కానింగులో గ్రంథులు సగానికి పైగా తగ్గాయి. పోలేదు, తగ్గాయి. ఎరుపు మళ్ళీ కనిపిస్తే వానాకాలంలో మూత్రాశయానికి కరెంటు పెట్టారు, రేడియేషన్ అన్నమాట, ఆగింది. ఇది రాస్తున్నప్పటికి ఆపరేషన్ ఆగిపోయి రెండేళ్ళు నిండాయి. కార్ఖానా పని మానేశాను. ఇంట్లో కూర్చుని పక్క సాంచాలవాళ్ళకు, అంటే మరమగ్గాలు నడిపేవాళ్ళకు, నూలు కండెలు చుడతాను. మధ్యాహ్నం కాగానే అలసట వచ్చి పడిపోతాను. స్కానింగు ముందు వారం ఇంట్లో ఇప్పటికీ వానల గురించే మాట్లాడుకుంటాం. అయితే ఇప్పుడు కాగితం ముందు నా చేతికి ఇస్తారు, ఆ తరవాతే మిగిలినవాళ్ళకు. ఇది నేను పెట్టిన షరతు.

నెలకోసారి షెడ్డుకు పోయి అక్కడివాళ్ళకు ఒక్కటే చెబుతాను. ఎరుపు కనిపిస్తే రంగా కాదా అని మీలో మీరు తేల్చుకోకండి, పోయి చూపించుకోండి. నొప్పి లేదు కదా అని అసలే అనుకోకండి. కనకయ్య అందరికంటే ముందు పరీక్ష చేయించుకున్నాడు. వాడికి ఏమీ లేదు. ఆ మాట చెప్పడానికి మా ఇంటికి వచ్చి చెప్పలేక వాకిట్లోనే నిలబడ్డాడు. ఏమీ లేనందుకు నాకు క్షమాపణ చెబుతున్నట్టు ఉంది వాడి ముఖం. లోపలికి రమ్మని చాయ్ పోయించాను.

పోయిన నెల స్కానింగులో ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి, పెరగలేదు. తిరుగు బస్సులో భూలక్ష్మి, వచ్చే సోమవారం రాజన్న దగ్గరికి పోదామంది. నేను ఆమె ముఖం చూశాను.

“జబ్బు మొత్తం పోయినంక అని మొక్కితివి గదా. పోలే గదా?” అన్నాను.

“పోయిందని ఎవలు చెప్తరు? ఉన్నదనే చెప్త. అది ఉన్నది, నువ్వూ ఉన్నవ్. ఉన్నదున్నట్టు చెప్పి కడ్దాం” అంది.

సోమవారం ఓదెలు ఆటోలోనే పోయాం. గుడి దగ్గర కోడెను ఇచ్చారు. తాడు నేను పట్టుకున్నాను, ఆమె నా పక్కన నడిచింది. సగం చుట్టు తిరిగాక కోడె ఆగిపోయింది. వెనక జనం తోస్తున్నారు, అది మాత్రం కదలదు. తీరుబడిగా నిలబడి మూత్రం పోసింది. నేను వంగి రంగు చూశాను. చూస్తున్నానని నాకే తెలియలేదు. తల ఎత్తేసరికి భూలక్ష్మి నన్నే చూస్తోంది.

“ఎట్లున్నది?” అని అడిగింది.

“మంచిగనే ఉన్నది” అన్నాను.

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. భుజాలు కదిలిపోయేలా నవ్వింది. ఆ మార్చి నెలలో గోడ చాటున నేను నవ్విన తరవాత, మూత్రం రంగు చూసి మా ఇద్దరిలో ఒకరు నవ్వడం మళ్ళీ అదే. కోడె కదిలింది. మిగతా సగం చుట్టు తిరిగి దాన్ని కట్టేశాం.